ఐరన్ మెయిడెన్ మలిదశ ఆల్బమ్‌లు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం వినాలి

మీ ప్రశ్న సారాంశం నాకు అర్థమైనంత వరకు ఇది. బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండు ఐరన్ మెయిడెన్ 1980 నుంచి 1988 దాకా తెచ్చిన ఆల్బమ్‌లు మీకు కంఠతా వచ్చు. అక్కడి నుంచి నేరుగా 2021 నాటి 'సెన్‌జుట్సు'కు వెళ్లి, రెండో డిస్కు సగంలో ఆపేశారు. పాటలు మరీ పొడుగ్గా ఉన్నాయనీ, అన్నీ ఒకేలా మొదలవుతున్నాయనీ మీకు అనిపించింది. 2000 తర్వాత వచ్చిన ఆరు ఆల్బమ్‌లలో నిజంగా వినవలసింది ఏమైనా ఉందా, లేక బ్యాండు పాత పేరు మీదనే నడుస్తోందా అని అడిగారు. వినవలసింది చాలా ఉంది. ఆ ఆరింటిలో ఒకదాన్ని నేను ఎనభైల నాటి వారి ఉత్తమ ఆల్బమ్‌ల పక్కన ఏ సంకోచమూ లేకుండా పెడతాను. మిగిలిన వాటిలోనూ, ఈ బ్యాండు మొదటి పదేళ్లలో రాయగలిగి ఉండేది కాదనిపించే పాటలు ఉన్నాయి. అయితే మలిదశను మొదటిసారి వినేవారికి 'సెన్‌జుట్సు' అనువైన చోటు కాదు. ఎందుకు కాదో వివరంగా చెబుతాను.

ముందుగా ఈ ఆల్బమ్‌ల మూలం గురించి కొంత చెప్పాలి. చాలామంది వీటిని 1984 నాటి 'పవర్‌స్లేవ్'తోనో, 1988 నాటి 'సెవెంత్ సన్ ఆఫ్ ఎ సెవెంత్ సన్'తోనో పోల్చుకుంటూ వింటారు, వెంటనే నిరాశ పడతారు. నా ఉద్దేశంలో వీటి పుట్టుక అక్కడ కాదు, 1995లో వచ్చిన 'ది ఎక్స్ ఫ్యాక్టర్'లో ఉంది. గాయకుడు బ్రూస్ డికిన్సన్ 1993లో వెళ్లిపోయాక బ్లేజ్ బెయిలీ పాడిన మొదటి ఆల్బమ్ అది. బ్యాండు వ్యవస్థాపకుడు, బేస్ గిటారిస్టు, ప్రధాన రచయిత అయిన స్టీవ్ హ్యారిస్ వ్యక్తిగత జీవితంలో కష్టకాలం గడుపుతున్న రోజులవి. ఆల్బమ్‌లోని మొదటి పాట 'సైన్ ఆఫ్ ద క్రాస్' నిడివి పదకొండు నిమిషాల పైమాటే. మఠంలో సన్యాసుల ప్రార్థనలాంటి గొంతులతో మొదలై, చాలాసేపు మంద్రంగా సాగి, ఆ తర్వాత గాని వేగం అందుకోదు. నెమ్మదైన ప్రవేశిక, గొంతు తగ్గించి పాడే మొదటి చరణం, ఒక్కసారిగా విరుచుకుపడే గిటార్లు, మధ్యలో సుదీర్ఘమైన వాద్యభాగం, చివర మళ్లీ మొదటి నెమ్మది: మీకు 'సెన్‌జుట్సు'లో విసుగు పుట్టించిన నమూనా ఇదే. ఎనభైలలో ఇలాంటి పొడుగు పాట ఆల్బమ్‌కు ఒకటి, మహా అయితే రెండు ఉండేవి. తొంభైల మధ్య నుంచి అదే హ్యారిస్ సహజ ధోరణి అయింది. కాబట్టి 1999లో డికిన్సన్, గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ తిరిగి వచ్చినప్పుడు వాళ్లు అడుగుపెట్టింది 1988 నాటి బ్యాండులోకి కాదు, ఈ కొత్త ధోరణి అప్పటికే స్థిరపడిన బ్యాండులోకి. మలిదశ ఆల్బమ్‌ల మంచీ చెడూ రెండూ ఆ కలయికలోంచి వచ్చినవే.

స్మిత్ తిరిగి వచ్చాడు కదా అని, 1990 నుంచి అతని స్థానంలో వాయిస్తున్న యానిక్ గెర్స్‌ను పంపించలేదు. మొదటి నుంచీ ఉన్న డేవ్ మర్రీతో కలిపి ముగ్గురు గిటారిస్టులయ్యారు. ముగ్గురు ఉన్నంత మాత్రాన ధ్వని మూడింతలు కాదు. నిజానికి చాలాచోట్ల ఇద్దరు ఒకే రిఫ్‌ను, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటారు వరుసను, వాయిస్తూ, మూడోవారు దాని మీద రాగం నడుపుతుంటారు. కానీ సోలోలు మొదలైనప్పుడు తేడా తెలుస్తుంది. మర్రీ వాయిద్యం నీళ్లు జారినంత నున్నగా, ఒక స్వరంలోంచి మరో స్వరంలోకి తెగకుండా వెళుతుంది. స్మిత్ ప్రతి సోలోను ముందే కట్టుకున్న చిన్న పాటలా నిర్మిస్తాడు. రెండుసార్లు వింటే మీరు దాన్ని నోటితో పాడుకోగలరు. గెర్స్ సోలో దూకుడుగా, కొంత అదుపు తప్పినట్టుగా ఉంటుంది, అందులోనే దాని అందం ఉంది. ఈ ముగ్గురినీ పేర్లు చూడకుండా గుర్తుపట్టడం అలవాటయ్యాక, పొడవైన వాద్యభాగాలు వేర్వేరు మనుషులు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతున్నట్టు వినిపిస్తాయి. నేను ఈ ఆల్బమ్‌ల నిడివిని భరించడం మాని ఆస్వాదించడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

రచన విషయంలో స్మిత్ రాకకు ఇంకా ఎక్కువ ప్రాముఖ్యం ఉంది. హ్యారిస్ భావాలను వరుసగా పేర్చుకుంటూ వెళ్లే రచయిత. స్మిత్ పాటకు నడుము, మలుపు, పల్లవి ఎక్కడ ఉండాలో ముందే చూసే రచయిత. వీరిద్దరూ కలిసి రాసినప్పుడు, డికిన్సన్ మాటలు తోడైనప్పుడు, పొడుగు పాటకు అవసరమైన ఆకారం వస్తుంది. హ్యారిస్ ఒక్కడే రాసినప్పుడు గొప్ప పాటా రావచ్చు, అదే పల్లవి పదేపదే తిరిగే పాటా రావచ్చు. మలిదశ అంతటికీ నేను వాడే కొలబద్ద ఒక్కటే: చెప్పదలచిన విషయానికి అంత నిడివి కావాలా, లేక నిడివి అలవాటుగా వచ్చిందా? కొత్త ఆల్బమ్ చేతికి వచ్చినప్పుడల్లా నేను మొదట చూసేది రచయితల పేర్లు.

2000 మే నెలలో వచ్చిన 'బ్రేవ్ న్యూ వరల్డ్' మీకు సరైన ప్రవేశద్వారం. ప్యారిస్‌లోని గిలోమ్ టెల్ స్టూడియోలో, నిర్మాత కెవిన్ షర్లీ ఆధ్వర్యంలో, అందరూ ఒకే గదిలో కలిసి వాయిస్తుండగా దీన్ని రికార్డు చేశారు. అంతకుముందు ఆల్బమ్‌లలో లేని ఊపిరి ఇందులో వినిపించడానికి అదొక కారణం. 'ది వికర్ మ్యాన్' నాలుగున్నర నిమిషాల్లో ముగిసే సూటి పాట, ఎనభైల శ్రోతకు వెంటనే పట్టుబడుతుంది. 'గోస్ట్ ఆఫ్ ద నావిగేటర్'లో ఓడ ప్రయాణపు ఊపు రిఫ్‌లోనే ఉంది. హ్యారిస్ చనిపోయిన తన తండ్రిని తలచుకుంటూ రాసిన 'బ్లడ్ బ్రదర్స్' మూడు లెక్కల నడకలో, తంత్రీవాద్యాల తోడుతో సాగుతుంది. వేల మంది ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని పాడే పాటగా అది కచేరీల్లో స్థిరపడిపోయింది. ఆల్బమ్‌లో కొన్ని పాటలు బెయిలీ కాలంలోనే మొదలైనవి, 'డ్రీమ్ ఆఫ్ మిర్రర్స్' అలాంటిదే. అందులో పల్లవి తిరగవలసిన దానికంటే చాలా ఎక్కువసార్లు తిరుగుతుంది. అయినా ఈ ఆల్బమ్‌లో ప్రతి పాటలోనూ తిరిగి కలిసిన ఆనందం వినిపిస్తుంది. 2001 జనవరిలో బ్రెజిల్‌లోని రాక్ ఇన్ రియో ఉత్సవంలో వీటిని అశేష జనం ముందు వాయించిన కచేరీ రికార్డుగా కూడా వచ్చింది. స్టూడియో రికార్డు మీకు మెత్తగా అనిపిస్తే దాన్ని వినండి.

ధ్వని గురించి మీరు నేరుగా అడగలేదు గానీ, మీ అసంతృప్తిలో కొంత వాటా దానిదేనని నా అనుమానం. 1981 నుంచి 1992 వరకు వీరి ఆల్బమ్‌లను నిర్మించిన మార్టిన్ బర్చ్ ప్రతి వాద్యానికీ స్పష్టమైన చోటు కల్పించేవాడు. షర్లీ, సహనిర్మాతగా హ్యారిస్, వేదిక మీది అనుభూతికి ప్రాధాన్యం ఇస్తారు. మొదటి కొద్ది ప్రయత్నాల్లో కుదిరిన దాన్నే ఉంచుతారు, అతిగా శుభ్రం చేయరు. దానివల్ల ముగ్గురి గిటార్లు కొన్నిచోట్ల ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, కీబోర్డు గిటారు రాగాన్నే అనుసరిస్తుంది, ఫోను స్పీకరులో వింటే మొత్తం మందంగా వినిపిస్తుంది. ఇది న్యాయమైన ఫిర్యాదే. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ధ్వని కొంచెం పెంచి, ముందు నికో మెక్‌బ్రెయిన్ డ్రమ్ములను, హ్యారిస్ బేస్‌ను పట్టుకోండి; అవి దొరికాక మిగతావి వాటంతట అవే విడిపోతాయి.

2003 నాటి 'డాన్స్ ఆఫ్ డెత్' ఎగుడుదిగుడు ఆల్బమ్. కంప్యూటర్‌లో గీసిన దాని అట్టబొమ్మను అభిమానులు ఈనాటికీ క్షమించలేదు. పూర్తికాని రూపాన్నే వాడారన్న కారణంతో ఆ చిత్రకారుడు తన పేరు వేయవద్దని కోరాడు. 'వైల్డెస్ట్ డ్రీమ్స్', 'గేట్స్ ఆఫ్ టుమారో' వంటివి విని మరచిపోదగిన పాటలు. 'నో మోర్ లైస్' పల్లవిలో ఆ మూడు మాటలు తప్ప మరేమీ ఉండదు. ఇన్ని లోపాలున్నా ఈ ఆల్బమ్‌ను వదలకూడదని నేను గట్టిగా చెప్పడానికి కారణం 'పాషెండేల్'.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 జులై చివరి నుంచి నవంబరు వరకు, బెల్జియంలోని ఈప్రె పట్టణం దగ్గర జరిగిన యుద్ధం గురించిన పాట ఇది. వానకు, ఫిరంగి గుండ్లకు నేల బురదమడుగుగా మారి, గాయపడినవారు అందులోనే కూరుకుపోయిన యుద్ధమది. స్మిత్ సంగీతానికి మూలం వేశాడు, హ్యారిస్ తోడయ్యాడు. పళ్లెం అంచు మీద పుల్లతో కొట్టినంత సన్నని తాళం ధ్వని, దూరంగా ఒక గిటారు, చనిపోయిన సైనికుడి గొంతుతో మొదలయ్యే కథనం. మరుక్షణం వాద్యాలన్నీ ఒక్కసారిగా పేలతాయి, మళ్లీ నిశ్శబ్దం, మళ్లీ పేలుడు. బుర్రకథలో కథకుడు మాట తగ్గించి వీరుడి మరణానికి చేరువవుతున్నప్పుడు, వంతలు ఒక్క ఊపున గుమ్మెటలు మోగించినట్టుగా, ఇక్కడ నిశ్శబ్దమూ మోతా కలిసి కథ నడుపుతాయి. ఎనిమిదిన్నర నిమిషాల ఈ పాటలో తీసేయదగిన పది సెకన్లు నాకు కనిపించలేదు. 1983లో యుద్ధం మీద వీళ్లే చేసిన 'ది ట్రూపర్' గుర్రపు డెక్కల ఉత్సాహంతో పరుగెత్తుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత అదే మనుషులు యుద్ధాన్ని బురదలో పడిన వాడి కళ్లతో చూస్తున్నారు. ఇరవైల వయసులో ఉన్న సంగీతకారులు 'ది ట్రూపర్' రాయగలరు. 'పాషెండేల్' రాయడానికి నడివయసు కావాలని నేను నమ్ముతాను.

ఆ చూపు ఆల్బమ్ అంతటా నిలిచింది 2006 నాటి 'ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్'లో. ఆరింటిలో నేను అగ్రస్థానం ఇచ్చేది దీనికే. పది పాటలు, దాదాపు 72 నిమిషాలు. యుద్ధం, మతం, వాటి పేరిట చచ్చే మామూలు మనిషి: ఆల్బమ్ ఎక్కువ భాగం ఈ మూడింటి చుట్టూ తిరుగుతుంది. రికార్డింగ్ పూర్తయ్యాక ధ్వనికి చివరి మెరుగులు దిద్దే మాస్టరింగ్‌ను హ్యారిస్ వద్దన్నాడు, స్టూడియోలో వినిపించినదాన్ని ఉన్నదున్నట్టు విడుదల చేశారు. అప్పటి రాక్ ఆల్బమ్‌లు చాలావరకు ధ్వనిని చివరి గీత దాకా నొక్కి పెంచి వస్తుండగా, ఇందులో నెమ్మది భాగాలు నిజంగా నెమ్మదిగా, బరువైన భాగాలు నిజంగా బరువుగా వినిపించడానికి ఆ నిర్ణయమే కారణం.

'బ్రైటర్ దాన్ ఎ థౌజండ్ సన్స్'తో మొదలుపెట్టండి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా అణుబాంబును తయారుచేసిన కథ అది. శీర్షికలోని వేయి సూర్యుల ఉపమానం మన పాఠకులకు కొత్త కాదు: భగవద్గీత విశ్వరూప సందర్శన యోగంలో 'దివి సూర్యసహస్రస్య' అని మొదలయ్యే శ్లోకం నుంచి అణుయుగపు చరిత్రలోకి, అక్కడి నుంచి ఈ పాటలోకి అది ప్రయాణించింది. సంగీతపరంగా మొదటి రిఫ్‌ను వేళ్ల మీద లెక్కపెట్టండి. ఏడు వస్తుంది. కర్ణాటక సంగీతంలోని ఏడు లెక్కల తాళం మిశ్రచాపు తెలిసిన చెవికి ఈ నడక సహజంగానే అందుతుంది, కానీ రాక్ సంగీతంలో నాలుగుకు అలవాటుపడిన శ్రోతకు ప్రతి ఆవృతంలోనూ కాలు కింద ఒక మెట్టు తప్పినట్టు ఉంటుంది. శాస్త్రవేత్తలు తాము ఏం తయారుచేశారో గ్రహిస్తున్న పాటకు ఆ అస్థిరత ఎంత అవసరమో వినండి. మధ్యలో వేగం పెరిగి, డికిన్సన్ గొంతు తారస్థాయి అంచుకు చేరుకున్నప్పుడు అక్కడక్కడ చీలినట్టు వినిపిస్తుంది. దాన్ని సరిదిద్దకుండా ఉంచినందుకు నేను ఈ బ్యాండును మరింత గౌరవిస్తాను.

1944 జూన్ 6న నార్మండీ తీరంలో దిగిన సైనికుల గురించిన 'ది లాంగెస్ట్ డే', పడవ తీరానికి చేరేలోపు పెరిగే భయాన్ని బేస్ మీద ఒకే స్వరం పట్టుకుని పెంచుకుంటూ పోతుంది. హ్యారిస్ ఒక్కడే రాసిన 'ఫర్ ద గ్రేటర్ గుడ్ ఆఫ్ గాడ్' తొమ్మిది నిమిషాలు దాటుతుంది, దాని పల్లవి చాలాసార్లు తిరుగుతుంది. ఇక్కడ మాత్రం ఆ పునరావృతానికి అర్థం ఉంది. దేవుడి పేరు చెప్పి చంపేవారు అవే మాటలు మళ్లీ మళ్లీ వల్లిస్తారు కాబట్టి పాట కూడా వల్లిస్తుంది, ప్రతిసారీ ఆ మాటల డొల్లతనం మరికొంత బయటపడుతుంది. చివరి పాట 'ది లెగసీ' విద్యుత్తు లేని గిటార్లతో ముసలివాడు కథ చెబుతున్నట్టు మొదలవుతుంది. గెర్స్ ఈ బ్యాండుకు ఇచ్చిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

ఈ ఆల్బమ్ మీద తమకున్న నమ్మకాన్ని వాళ్లు 2006 పర్యటనలో చూపించారు. పాత పాటల కోసం వచ్చిన జనం ముందు ఆల్బమ్ మొత్తాన్ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరుసగా వాయించారు. కొన్నిచోట్ల శ్రోతలు గొణుక్కున్నారు. ముప్పై ఏళ్ల చరిత్ర ఉన్న బ్యాండు అలాంటి సాహసం చేయడం అరుదు. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వారి తొలి భారతదేశ కచేరీ జరిగిన నాటికి ఆల్బమ్ మొత్తం వాయించడం లేదు గానీ, అందులోని పాటలు ఉన్నాయి. హైదరాబాదు నుంచి, కర్నూలు, అనంతపురం వైపు నుంచి రాత్రి బస్సుల్లో, రైళ్లలో వచ్చిన తెలుగు కుర్రాళ్లు ఆ మైదానంలో చాలామంది ఉన్నారు, నేనూ ఉన్నాను. క్యాసెట్ల కాలంలో నేర్చుకున్న పాత పాటలకు అందరం గొంతు చించుకుంటామని తెలుసు. అప్పటికి విడుదలై ఏడాది కూడా నిండని పాటలకు సైతం నా చుట్టూ ఉన్నవాళ్లు మాట పొల్లుపోకుండా పాడుతుంటే, ఇవి పాత పేరు మీద బతుకుతున్న పాటలు కావని నాకు రూఢి అయింది.

2010 నాటి 'ది ఫైనల్ ఫ్రాంటియర్' గురించి ఎక్కువ చెప్పను. మొదటి సగం చిన్న పాటలు, రెండో సగం పొడుగు పాటలు. రెండో సగమే బలమైనది. 'స్టార్‌బ్లైండ్' లయను అంత త్వరగా పట్టుకోలేరు, పట్టుకున్నాక వదలలేరు. చివరిదైన 'వెన్ ద వైల్డ్ విండ్ బ్లోస్' హ్యారిస్ ఒంటరిగా రాసిన వాటిలో ఉత్తమమైనది. రేమండ్ బ్రిగ్స్ బొమ్మల నవల ఆధారంగా, అణుయుద్ధం వస్తుందని భయపడి ఇంట్లోనే దాక్కున్న వృద్ధ దంపతుల కథను పదకొండు నిమిషాల పాటు చెబుతుంది. వచ్చింది బాంబు కాదు, భూకంపమని చివర్లో తెలుస్తుంది, కానీ అప్పటికే వాళ్లు విషం తీసుకుని ఉంటారు. మూల నవలలో లేని ఈ ముగింపు హ్యారిస్ చేర్చినదే. రాగం జానపద గీతమంత సరళంగా, దాదాపు ఉల్లాసంగా ఉండటం వల్ల కథ ఇంకా లోతుగా గుచ్చుకుంటుంది.

2015 సెప్టెంబరులో వచ్చిన 'ది బుక్ ఆఫ్ సోల్స్' వారి తొలి జంట స్టూడియో ఆల్బమ్, నిడివి 92 నిమిషాలు. దీన్ని రికార్డు చేస్తున్నప్పుడు డికిన్సన్ నాలుక మీద క్యాన్సర్ కణితి ఉందన్న సంగతి తర్వాత గాని బయటపడలేదు. చికిత్స ముగిసి అతను కోలుకునే దాకా విడుదలను వాయిదా వేశారు. ఆ సంగతి తెలిసి 'ఇఫ్ ఎటర్నిటీ షుడ్ ఫెయిల్' మొదటి నిమిషంలో తోడు దాదాపు లేకుండా పలికే ఆ గొంతును వినడం వేరే అనుభవం. ఆల్బమ్‌లో అతిగా సాగినవీ ఉన్నాయి. పదమూడున్నర నిమిషాల 'ది రెడ్ అండ్ ద బ్లాక్' ఎనిమిది నిమిషాల పాటగా ఉంటే నాకు మరింత నచ్చేది, దాని మధ్యలోని వాద్యభాగం ఎంత ఉత్సాహంగా ఉన్నా సరే.

కానీ రెండో డిస్కు చివర 'ఎంపైర్ ఆఫ్ ద క్లౌడ్స్' ఉంది. పద్ధెనిమిది నిమిషాలు, వారి అన్ని పాటల్లోకీ పొడవైనది, డికిన్సన్ ఒక్కడే పియానో మీద కూర్చుని రాసినది. బ్రిటన్ నిర్మించిన ఆర్101 అనే గాలినౌక 1930 అక్టోబరు 4 సాయంత్రం ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్ నుంచి తన తొలి విదేశీ యాత్రకు బయలుదేరి, మర్నాటి తెల్లవారుజామున ఫ్రాన్స్‌లోని బోవే పట్టణం దగ్గర కొండ మీద కూలి కాలిపోయింది. అందులో ఉన్న 54 మందిలో 48 మంది చనిపోయారు. విమానయాన మంత్రి లార్డ్ థామ్సన్ వారిలో ఒకడు. ఆ నౌక వెళ్లవలసిన ఊరు అప్పటి మన దేశంలోని కరాచీ. సామ్రాజ్యపు దూర దేశాలను గాలి మార్గంతో కలపాలన్న పథకంలో భాగంగా, పరీక్షలు సరిగా పూర్తికాకుండానే, తొందరపాటుతో పంపించిన ప్రయాణమది. డికిన్సన్ స్వయంగా విమాన చోదకుడు. యంత్రం మీది ప్రేమ, దాన్ని నడిపేవారి మీది గౌరవం, పైవారి ఆత్రం మీది కోపం మూడూ పాటలో ఉన్నాయి. మొదటి ఏడు నిమిషాలలో నౌక కట్టు విప్పుకుని తేలినట్టుగా సంగీతం నిదానంగా పైకి లేస్తుంది, తుఫాను భాగంలో ముగ్గురి గిటార్లూ చెల్లాచెదురవుతాయి, చివరకు మళ్లీ పియానో, గొంతు మాత్రమే మిగులుతాయి. ప్రయాణానికి పట్టిన సమయాన్ని శ్రోత కూడా అనుభవించాలి కాబట్టి ఈ నిడివి ఇక్కడ తప్పనిసరి. దీన్ని వాళ్లు వేదిక మీద వాయించింది లేదు, రికార్డులోనే వినాలి.

ఇప్పుడు మీరు ఆగిపోయిన 'సెన్‌జుట్సు'కు వద్దాం. 2019లో రికార్డు చేసి, 2021 సెప్టెంబరులో విడుదల చేశారు; దాదాపు 82 నిమిషాలు. చివరి మూడు పాటలూ హ్యారిస్ ఒక్కడే రాసినవి, వాటి మొత్తం నిడివి 34 నిమిషాలు, మూడూ నెమ్మదైన ప్రవేశికతోనే మొదలవుతాయి. మీకు కలిగిన అలసట పూర్తిగా సమంజసమైనదని అందుకే అంటున్నాను: రచయితల సమతూకం దెబ్బతిన్న చోటే మీరు ఆగారు. 'డెత్ ఆఫ్ ద కెల్ట్స్' 1998లో అతనే రాసిన మరో కెల్టిక్ తరహా పాటకు మరీ దగ్గరగా ఉంది. గిటారు ఏ రాగం వాయిస్తే గొంతు చేత అదే రాగం పాడించే హ్యారిస్ అలవాటు ఈ ఆల్బమ్‌లో బాగా ముదిరింది. పలకడానికి అనువుకాని మాటలను రాగంలో ఇరికించవలసి వచ్చినప్పుడు డికిన్సన్ పడే శ్రమ మనకు తెలుస్తూనే ఉంటుంది. మరోవైపు స్మిత్, డికిన్సన్ రాసిన 'ది రైటింగ్ ఆన్ ద వాల్' ఈ బ్యాండు ఎన్నడూ తొక్కని ఎడారి దారిలో, అమెరికా దక్షిణాది రాక్ ఛాయలతో నడుస్తుంది. అందులోని స్మిత్ సోలో మలిదశ మొత్తంలో అతని ఉత్తమ వాయిద్యాలలో ఒకటి. వాళ్లిద్దరిదే 'డార్కెస్ట్ అవర్' చర్చిల్ నాటి యుద్ధకాలాన్ని ఏ ఆర్భాటమూ లేకుండా చెబుతుంది.

మీరు చేరుకోని చివరి పాట 'హెల్ ఆన్ ఎర్త్' గురించి మాత్రం నేను పట్టుబడతాను. నేను పైన ఫిర్యాదు చేసిన లక్షణాలన్నీ ఇందులో ఉన్నాయి, అయినా ఇది గొప్ప పాట. రెండు నిమిషాలకు పైగా సాగే ప్రవేశికలోని రాగమే తర్వాత వేగంగా పరుగెత్తి, మధ్యలో ఆగి, మళ్లీ తిరిగి వచ్చి పాటను ముగిస్తుంది. అంటే ప్రవేశిక ఇక్కడ అలంకారం కాదు, పునాది. పిల్లలకు తుపాకులు అందుతున్న లోకాన్ని చూసి దిగులుపడిన మనిషి, ఈ జన్మలో కాకపోతే మరో చోట మంచి లోకం ఉంటుందని ఆశపడే పాట. 2023లో మొదలైన పర్యటనలో దీన్ని చివరి ఘట్టంలో వాయించారు. అదే ఏడాది జనవరిలో పక్షవాతానికి గురై, కొన్ని నెలల్లోనే కోలుకుని, మెక్‌బ్రెయిన్ ఆ డ్రమ్ముల వెనక కూర్చున్నాడన్నది కూడా గుర్తుంచుకోండి. అతను 2024 డిసెంబరులో సావ్ పావ్లో కచేరీతో పర్యటనల నుంచి విరమించుకున్నాడు. బ్యాండు 50 ఏళ్ల సందర్భంగా 2025లో మొదలైన పర్యటనలో 1992 వరకు వచ్చిన పాటలనే వాయిస్తున్నారు, డ్రమ్ముల మీద సైమన్ డాసన్ ఉన్నాడు. అందువల్ల మలిదశ పాటలను తెలుసుకోవడానికి ప్రస్తుతం ఆల్బమ్‌లే దారి.

వినే క్రమం విషయంలో నా సలహా ఇది. 'బ్రేవ్ న్యూ వరల్డ్'ను మొత్తంగా వినండి, దానికి ఒక వారం ఇవ్వండి. ఆ తర్వాత 'డాన్స్ ఆఫ్ డెత్' నుంచి 'పాషెండేల్'నూ, విద్యుత్ గిటార్లు లేకుండా సాగే 'జర్నీమ్యాన్'నూ మాత్రమే తీసుకోండి. 'ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్'ను ముక్కలుగా వినవద్దు; పాటల సాహిత్యం ఎదురుగా పెట్టుకుని, ఒకే విడతలో వినండి, మొదటిసారి బరువుగా అనిపించినా మూడోసారి దాకా తీర్పు ఇవ్వకండి. అక్కడి నుంచి 'వెన్ ద వైల్డ్ విండ్ బ్లోస్', 'ఎంపైర్ ఆఫ్ ద క్లౌడ్స్' రెండూ విడివిడిగా, వేర్వేరు రోజుల్లో. 'సెన్‌జుట్సు'కు తిరిగి వచ్చినప్పుడు ఒక్కో డిస్కును ఒక్కో రోజు వినండి. రెండో డిస్కును 'డార్కెస్ట్ అవర్'తో మొదలుపెట్టి, నేరుగా 'హెల్ ఆన్ ఎర్త్'కు వెళ్లండి. మధ్యలోని రెండు పాటలను ఆ తర్వాత, మీకు ఓపిక ఉన్నప్పుడు వినవచ్చు; 'ది పార్చ్‌మెంట్'లో ముగ్గురు గిటారిస్టుల సోలోలు బాగున్నాయి గానీ, పన్నెండున్నర నిమిషాలు అవసరమని ఆ పాట నన్ను ఇప్పటికీ ఒప్పించలేదు.